50 గంటల లెక్కలో సోషల్ టీచర్

మే నెల ఎండ. ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఉద్యోగంలో ఉన్న సోషల్ టీచర్లకు ఇచ్చే వృత్యంతర శిక్షణ, రెండో రోజు. బెంచీలు పిల్లల కొలతకు చేసినవి కావడంతో మోకాళ్లు ఎటు మడవాలో తెలియక అందరం పక్కకు తిరిగి కూర్చున్నాం. ఆ పూట అంశం 'చరిత్ర బోధనలో ఆధారాల వినియోగం'. రిసోర్స్ పర్సన్‌గా వచ్చిన మాస్టారు మాడ్యూల్లో పేజీ చదువుతున్నారు: శాసనాలు, నాణేలు, కట్టడాలు, విదేశీ యాత్రికుల రాతలు. వాటినే గ్రూపులవారీగా చార్టుల మీదికి ఎక్కించాం. ఒక్కో గ్రూపు నుంచి ఒకరు లేచి చదివారు, మిగతావాళ్లం చప్పట్లు కొట్టాం. ఆ బడికి కిలోమీటరు దూరం కూడా లేని శివాలయం ముందు నిలువెత్తు శాసన స్తంభం ఉంది. మూడు రోజుల్లో మాలో ఒక్కరూ అటు పోలేదు. పోదామని నేనూ అనలేదు. మధ్యాహ్నం వడ్డించిన గుత్తివంకాయ కూర మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

ఆ మూడు రోజులూ కాగితం మీద 18 గంటల శిక్షణ. ఇలాంటి గంటలు ఏడాదికి కనీసం 50 ఉండాలంటోంది 2020 జాతీయ విద్యావిధానం. తెలంగాణలో 2024 డీఎస్సీతో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీతో బడుల్లో చేరిన కొత్త సోషల్ టీచర్లు ఈ మధ్య తరచూ అడుగుతున్న ప్రశ్న ఇదే: ఈ గంటలు ఎవరిస్తారు, వాటిలో మనకు పనికొచ్చేవి ఎన్ని, మిగతావి ఎక్కడ వెతుక్కోవాలి? ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కష్టం. ఎందుకంటే 'శిక్షణ' అనే ఒకే మాట కింద మూడు నాలుగు వేర్వేరు వ్యవహారాలు నడుస్తున్నాయి.

ముందు 50 సంగతి. ఇదేదో కొత్తగా నెత్తిన పడ్డ బరువని చాలామంది అనుకుంటారు. 1964–66 నాటి కొఠారీ కమిషన్ అడిగింది ఇంతకంటే ఎక్కువే. ప్రతి ఐదేళ్ల సర్వీసులో ప్రతి టీచరుకూ రెండు మూడు నెలల వృత్యంతర శిక్షణ ఉండాలని అది సిఫారసు చేసింది. ఇప్పటి లెక్క చూడండి. ఏడాదికి 50 చొప్పున ఐదేళ్లకు 250 గంటలు. రోజుకు ఆరు గంటలనుకుంటే 42 రోజులకు మించదు. అంటే అరవై ఏళ్ల కిందట అడిగినదాన్ని మనం తగ్గించుకున్నాం.

అసలు గమనించాల్సింది గంటల సంఖ్య కాదు, ఆ వాక్యం చివరన ఉన్న మాట. టీచర్లు ఈ 50 గంటల్నీ తమ సొంత ఆసక్తుల ప్రకారం తమ ఎదుగుదల కోసం వాడుకోవాలని విధానపత్రం రాసుకుంది. ఆచరణలో మన ఆసక్తి ఏమిటో మనకంటే ముందు డీఈఓ ఆఫీసుకు తెలుస్తుంది. 'రేపు ఉదయం 9 గంటలకల్లా హాజరు కావలెను' అని ఎంఈఓ గారి వాట్సాప్ గ్రూపులో రాత్రి పదింటికి అది మనకూ తెలుస్తుంది. సీబీఎస్‌ఈ బడుల్లో ఈ 50ని రెండు సగాలు చేసి, 25 గంటలు బోర్డు లేదా ప్రభుత్వ శిక్షణ సంస్థల దగ్గర, 25 గంటలు బడిలోనో స్కూల్ కాంప్లెక్స్‌లోనో పూర్తి చేయమంటారు. మన ప్రభుత్వ బడుల్లో అంత స్పష్టమైన వాటాలు చాలామందికి తెలియవు. వచ్చిన ఉత్తర్వుకల్లా వెళ్లొస్తే లెక్క దానంతటదే నిండుతుందన్న నమ్మకంతో బండి లాగిస్తుంటాం.

నాలుగు సబ్జెక్టులు, ఒక్క టీచరు

సోషల్ టీచర్ పరిస్థితి మిగతావాళ్లకంటే చిత్రమైనది. గణితం మాస్టారు డిగ్రీలో గణితమే చదివి వస్తారు. మన దగ్గర ఎంఏ హిస్టరీ చేసినావిడ కాంటూరు రేఖలు చెప్పాలి. జాగ్రఫీ చదివినాయన రాజ్యాంగ పీఠిక చెప్పాలి. బీకాం నుంచి బీఎడ్ సోషల్ మెథడాలజీకి వచ్చిన వాళ్లు కాకతీయులనూ ఫ్రెంచి విప్లవాన్నీ చెప్పాలి. కాబట్టి సోషల్ టీచర్‌కు శిక్షణ అంటే కొత్త పద్ధతులు నేర్చుకోవడం ఒక్కటే కాదు, తాను చదవని సబ్జెక్టును నడి వయసులో మొదటి నుంచీ చదవడం కూడా.

పైగా 2011 రాష్ట్ర విద్యాప్రణాళిక చట్రం తర్వాత వచ్చిన సోషల్ పుస్తకాలు మన ముందు ఆరు విద్యాప్రమాణాలు పెట్టాయి. విషయావగాహన, చదివి వ్యాఖ్యానించడం, సమాచార నైపుణ్యాలు, సమకాలీన అంశాలపై ప్రతిస్పందన, పట నైపుణ్యాలు, ప్రశంస–సున్నితత్వం. పీరియడ్ ప్లాన్‌లో వీటిని రాయడం అందరికీ వచ్చు. కానీ మూడోదాన్ని పిల్లలకు నేర్పాలంటే సమాచారం ఎలా పోగేస్తారో, ఏది నమ్మాలో, ఏది నమ్మకూడదో టీచరు తన చేత్తో ఒక్కసారైనా చేసి ఉండాలి. ఐదోదానికి టోపోషీటు, అంటే కొండలు, వాగులు, దారులు చూపే వివరమైన మ్యాపు చదవడం రావాలి. సైన్స్ టీచర్ ఎప్పుడో ఒకప్పుడు ల్యాబ్‌లో ప్రయోగం చేసే వచ్చారు. చరిత్ర చెప్పే మనలో ఒక్క శాసనమైనా స్వయంగా చదివినవాళ్లం ఎందరం? ఇవాళ ఈ వ్యాసమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

దీన్ని మనసులో పెట్టుకుని నిష్ఠ అనే జాతీయ టీచర్ల శిక్షణ కార్యక్రమాన్ని చూడండి. కేంద్రం 2019 ఆగస్టులో మొదలుపెట్టింది. ప్రాథమిక, ప్రాథమికోన్నత స్థాయిలో 42 లక్షల మంది టీచర్లకు అందించాలన్నది లక్ష్యం. కరోనా వచ్చాక ఆన్‌లైన్‌కు మారింది. ఆ ఆన్‌లైన్ రూపానికి 2020 జులైలో మొదట కూర్చున్నది ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 1,200 మంది కీలక రిసోర్స్ పర్సన్లే. మొదటి విడతలో 18 మాడ్యూళ్లు. సాంఘికశాస్త్ర బోధన గురించి వాటిలో ఒకటి. హైస్కూలు టీచర్లకు వచ్చిన రెండో విడతలో 13 కోర్సులు. అందులోనూ సబ్జెక్టుకు సంబంధించింది ఒకటే. మిగిలినవి సమ్మిళిత విద్య, ఐసీటీ, లింగ సమానత్వం, ఆటబొమ్మల ద్వారా బోధన, పాఠశాల ఆధారిత మూల్యాంకనం వగైరా. అవి అక్కర్లేదని అనను. లింగ వివక్ష మాడ్యూల్ పూర్తి చేశాక నా సొంత ప్రశ్నపత్రాల్లో 'రైతు' అంటే ప్రతిసారీ మగవాడేనని గమనించి సిగ్గుపడ్డాను. కానీ 13లో ఒక్కటి అనే దామాషా చూస్తే మనకు దొరికేది ఎక్కువగా 'ఎలా చెప్పాలి', తక్కువగా 'చెప్పేది ఎలా తెలిసింది' అని అర్థమవుతుంది.

ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక దీక్షా పోర్టల్‌లో ఇలాంటి కోర్సులు చేసేవాళ్లకు తెలిసిన ఇంకో సత్యం: సర్టిఫికెట్ రావాలంటే చివరి క్విజ్‌లో 70 శాతం రావాలి. ఆ జవాబులు క్విజ్ తెరుచుకున్న రోజే టెలిగ్రామ్‌లో దొరుకుతాయి. వీడియోను పక్కన మోగనిచ్చి నోట్సు పుస్తకాలు దిద్దుకున్న పాపం నాకూ ఉంది.

మెట్లమీదుగా దిగే శిక్షణ

ముఖాముఖి శిక్షణలు మెట్లమీదుగా దిగుతాయి. రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎస్సీఈఆర్టీ) రాష్ట్ర వనరుల బృందానికి చెబుతుంది. వాళ్లు జిల్లా రిసోర్స్ పర్సన్లకు (డీఆర్‌పీలకు), వాళ్లు మండల రిసోర్స్ పర్సన్లకు, వాళ్లు మనకు. ఒక్కో మెట్టు దిగేకొద్దీ ఐదు రోజులది మూడు రోజులవుతుంది, మూడు రోజులది పూట అవుతుంది. నేను డీఆర్‌పీగా వెళ్లినప్పుడు రాష్ట్ర స్థాయిలో మాకు ఒక మ్యూజియం చూపించారు. జిల్లాలో మేం దాని ఫొటోలు చూపించాం. మండలంలో ఆ ఫొటోల గురించి చెప్పారు.

ఈ పద్ధతి చేతకానిదని కాదు. లక్షల మందికి ఒకేసారి ఒక మార్పు చెప్పాలంటే, ఉదాహరణకు పరీక్ష విధానం మారిందనుకోండి, ఇంతకంటే దారి లేదు. కానీ నైపుణ్యం ఇలా దిగదు. ఈత గురించి విన్నవాళ్లు విన్నవాళ్లకు చెబితే చివరి మనిషి చెరువులో దిగడు.

అదే టీచర్లు నోరెత్తకుండా, ఫోన్ చూడకుండా వినే శిక్షణ ఒకటుంది. ఎన్నికల ముందు ప్రిసైడింగ్ ఆఫీసర్లకు ఇచ్చేది. అక్కడ బల్ల మీద బ్యాలెట్ యూనిట్, కంట్రోల్ యూనిట్, వీవీప్యాట్ ఉంటాయి. తీగలు మనమే కలపాలి. మాక్ పోల్‌లో కనీసం 50 ఓట్లు వేయించాలి, లెక్క చూపించాలి, తర్వాత సీఆర్‌సీ చేయాలి. బడి భాషలో సీఆర్‌సీ అంటే క్లస్టర్ రిసోర్స్ సెంటర్. అక్కడ క్లోజ్, రిజల్ట్, క్లియర్. ఆ క్లియర్ మరిచిపోతే మాక్ ఓట్లు అసలు ఓట్లలో కలిసిపోతాయని ప్రతి ఒక్కరికీ తెలుసు కాబట్టి ఎవరూ మరిచిపోరు. వస్తువు చేతిలో ఉంది, చేయాల్సిన తేదీ దగ్గర్లో ఉంది, తప్పు చేస్తే మన మెడకే. ఈ మూడూ ఉన్న చోట అదే సోషల్ మాస్టారు ఒక్క పూటలో నేర్చుకుంటాడు. మనకు వృత్యంతర శిక్షణ అవసరం లేదనేవాళ్లతో నేనందుకే వాదించను. ఏ రకం శిక్షణ అని మాత్రం అడుగుతాను.

తలుపులు ఎక్కడున్నాయి

వస్తువు చేతికిచ్చే శిక్షణల్లో మొదట చెప్పాల్సింది సీసీఆర్టీ, అంటే సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం. 1979లో ఏర్పాటైన ఈ కేంద్ర సంస్థకు ప్రధాన కార్యాలయం ఢిల్లీలో ఉన్నా, హైదరాబాద్ మాదాపూర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉండటం మన అదృష్టం. దేశం నలుమూలల నుంచి టీచర్లను రెండు మూడు వారాలు ఒక్కచోట ఉంచుతారు. ఉదయం శిల్పం, వాస్తు, సంగీతం మీద ఉపన్యాసాలు, మధ్యాహ్నం చేతిపనులు, మధ్యలో కట్టడాల సందర్శన. ఒక్కో రాష్ట్రం వాళ్లు తమ సంస్కృతిని మిగతావాళ్లకు పరిచయం చేయాలి. మన దగ్గర కోలాటం ఎలా వేస్తారో అస్సాం మేడంకు అడుగులేసి చూపించాల్సి వచ్చినప్పుడు, ఆ ఆట మీకు ఎంత తెలుసో ఎంత తెలియదో బయటపడుతుంది. తోలుబొమ్మల తయారీ మీద, వారసత్వ సంపద పరిరక్షణలో బడుల పాత్ర మీద విడిగా వర్క్‌షాపులుంటాయి. వసతి, భోజనం వాళ్లే చూస్తారు.

చిక్కల్లా నామినేషన్ దగ్గరే. మనం నేరుగా వెళ్లిపోవడం కుదరదు, రాష్ట్రం పేర్లు పంపాలి. సర్క్యులర్ ఎస్సీఈఆర్టీ నుంచి జిల్లాకు, అక్కడి నుంచి మండలానికి వచ్చేసరికి చివరి తేదీ దాటిపోతుంది. లేదా ఎవరూ ముందుకు రాలేదని ఎవరో ఒకరి పేరు రాసి పంపుతారు. నాకు తెలిసిన మందు ఒక్కటే. సర్క్యులర్ కోసం కూర్చోకుండా, సీసీఆర్టీ సైట్‌లో ఏడాది శిక్షణల పట్టిక చూసుకుని, 'ఫలానా కోర్సుకు వెళ్లడానికి ఆసక్తి ఉంది' అని హెచ్ఎం ద్వారా డీఈఓకు ముందుగానే ఒక దరఖాస్తు పెట్టి, దాని నకలు దగ్గర ఉంచుకోవడం. సర్క్యులర్ వచ్చిన రోజు ఆ ఆఫీసు గుమాస్తాకు వెతుక్కోవడానికి ఒక పేరు సిద్ధంగా ఉంటుంది.

మైసూరులోని ప్రాంతీయ విద్యాసంస్థ జాతీయ పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్సీఈఆర్టీకి అంగం. రెండు తెలుగు రాష్ట్రాలతో సహా దక్షిణాది రాష్ట్రాల టీచర్లకు శిక్షణలిస్తుంది. అక్కడికీ రాష్ట్రమే పంపాలి. వెళ్లిన వాళ్లకు నేను చెప్పే మాట ఒకటే: మైసూరులోనే భారత పురావస్తు సర్వే శాసన విభాగం కేంద్ర కార్యాలయం ఉంది, ఆదివారం చాముండి కొండ ఎక్కినా శుక్రవారం సాయంత్రం ఒక గంట అనుమతి అడిగి అది చూసి రండి. డైట్‌లు, ఐఏఎస్‌ఈలు, సీటీఈలు, అంటే ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలు, మనకు దగ్గర్లోనే ఉన్నాయి. ఖాళీ పోస్టులున్నచోట వాటిని తప్పు పట్టి లాభం లేదు, చురుకైన లెక్చరర్ ఉన్నచోట మాత్రం వదులుకోకండి.

భూగోళానికి దారి అన్నిటికంటే సులువు, ఎవరి నామినేషనూ అక్కర్లేదు. సర్వే ఆఫ్ ఇండియా తన ఓపెన్ సిరీస్ మ్యాపులను ఆన్‌లైన్‌లో పెట్టింది. 1:50,000 స్కేలు అంటే మ్యాపు మీద 2 సెంటీమీటర్లు నేల మీద 1 కిలోమీటరు. మీ ఊరున్న షీటు దించుకుని, బడి నుంచి చెరువు గట్టుకు దారం పెట్టి కొలవండి, సాయంత్రం నడిచి చూడండి. ఇస్రో ఉపగ్రహ పటాల సైటు భువన్‌లో బడి పిల్లల కోసం ఎన్సీఈఆర్టీతో కలిసి చేసిన విభాగం ఉంది. డెహ్రాడూన్‌లోని ఐఐఆర్‌ఎస్ ఉపగ్రహ చిత్రాలతో నేలను చదివే రిమోట్ సెన్సింగ్ మీద ఉచిత ఆన్‌లైన్ కోర్సులు నడుపుతుంది. ఆర్థిక అంశాలకు జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం టీచర్లకు ప్రత్యేక శిక్షణ ఇస్తుంది. పొదుపు, బీమా, వడ్డీల గురించి పదో తరగతిలో చెప్పడానికే కాదు, చిట్టీల వాళ్ల చేతిలో పడకుండా ఉండటానికీ పనికొస్తుంది. పౌరశాస్త్రానికి విడిగా శిక్షణ ఎందుకు, ఎన్నికల డ్యూటీ ఉండనే ఉంది! హాస్యానికి అనడం లేదు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ టీచర్లకు బోధనేతర పనులు వద్దంటూనే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలను మినహాయించింది. 2027 జనగణనకు ఇంటింటికీ తిరిగి వచ్చిన టీచరు 'జనాభా' పాఠం చెప్పే తీరు వేరుగా ఉంటుంది, ఉండాలి.

విదేశాలకు కూడా ఒక దారి ఉంది. ఫుల్‌బ్రైట్ టీచింగ్ ఎక్సలెన్స్ కార్యక్రమం కింద హైస్కూలు టీచర్లకు అమెరికాలో ఆరు వారాల శిక్షణ ఉండేది, సోషల్ కూడా అందులో ఉన్న సబ్జెక్టే. ఏటా ప్రకటన వచ్చిందో లేదో చూసుకోవాలి. మన ప్రభుత్వ బడుల నుంచి దరఖాస్తులు అతి తక్కువ. ఇంగ్లిష్ అంటే జంకే అసలు కారణం.

రాయి దగ్గరికి

ఇప్పుడు చరిత్ర. ఇక్కడ సర్కారు శిక్షణలు దాదాపు చేతులెత్తేస్తాయి, మనమే కూడబలుక్కోవాలి.

ఉదాహరణకు మోటుపల్లి శాసనం తీసుకోండి. కాకతీయుల పాఠంలో అది ఒక వాక్యం: గణపతిదేవుడు విదేశీ వర్తకులకు అభయమిచ్చాడు. పిల్లలు బట్టీ పట్టే బిట్టు కూడా అదే. ఇప్పటి బాపట్ల జిల్లా తీరాన ఉన్న ఆ ఊళ్లో 1244లో వేయించిన ఆ శాసనం అసలు పాఠాన్ని ఒకసారి చదివితే, ఒక్క వాక్యం కాస్తా నాలుగు పీరియడ్ల పాఠమవుతుంది. తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని, తాము మాత్రం సుంకం తప్ప ఏమీ ముట్టమని రాజు చెబుతాడు. సుంకం 30కి 1 వంతు. తర్వాత సరుకుల జాబితా: గంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, రాగి, పట్టు, పగడాలు, మిరియాలు, పోకలు.

ఈ కాగితం పిల్లల చేతికిచ్చి ఊరుకోండి. లాక్కోనని రాజు ప్రత్యేకంగా మాట ఇవ్వాల్సి వచ్చిందంటే అంతకు ముందు ఏం జరుగుతుండేది? ఇది రాయి మీద ఎవరు చదవాలని వేయించారు? చీనా కర్పూరం చీనా నుంచే వచ్చిందా, లేక అది ఉత్త పేరేనా? రాజు తనను తాను పొగుడుకుంటున్నప్పుడు ఎంత నమ్మాలి? విద్యాప్రమాణాలు ఆరూ ఇందులోనే నడుస్తాయి. పట నైపుణ్యం కావాలంటే సరుకు వచ్చిన దేశాలు గుర్తించమనండి. కానీ ఈ ప్రశ్నలు పిల్లలకు వేయాలంటే ముందు మనకు తోచాలి కదా. అవి తోచేలా చేసేదే మనకు కావాల్సిన శిక్షణ.

దానికి పనిముట్లు అందుబాటులోనే ఉన్నాయి. దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో 1948లో వచ్చిన పదోది పూర్తిగా తెలుగు శాసనాలే. వరంగల్, కరీంనగర్, నల్లగొండ, కడప జిల్లాల శాసనాలకు విడి సంపుటాలున్నాయి. చాలావరకు స్కాన్లు నెట్‌లో ఉచితం. మీ ఊరి శాసనం వెతికేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఇప్పటి జిల్లా పేరుతో వెతికితే దొరకదు, పాత తాలూకా పేరు తెలుసుకోండి. కడపలోని సీపీ బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం అచ్చువేసిన మెకంజీ కైఫీయతుల్లో, అంటే బ్రిటిష్ అధికారి మెకంజీ సేకరింపజేసిన గ్రామ చరిత్రల్లో, మీ ఊరి పేరు తగిలిందంటే ఇక ఆ రాత్రి నిద్ర పట్టదు. పుట్టుకథ, చెరువు తవ్వించినవాడి పేరు, కరణాల తగాదా, అన్నీ ఉంటాయి. అందులో ఎంత కథ, ఎంత చరిత్ర అని విడదీయడం తొమ్మిదో తరగతి పిల్లలకు ఇవ్వదగ్గ ప్రాజెక్టు. హైదరాబాద్ తార్నాకలోని పాత ప్రభుత్వ పత్రాలు దాచే రాష్ట్ర అభిలేఖాగారంలో షాజహాన్, ఔరంగజేబు కాలపు పారశీక పత్రాలున్నాయి. అవి మనం చదవలేకపోవచ్చు, పిల్లలకు ఒక్క ఫర్మానా (రాజాజ్ఞ) ముద్ర చూపించినా చాలు.

లిపి నేర్చుకోవడం ఇంకో మెట్టు. 575 ప్రాంతానికి చెందిన కడప జిల్లా కలమళ్ల శాసనంలో అక్షరాలు చూస్తే ఇది తెలుగేనా అనిపిస్తుంది. కాకతీయుల కాలానికి వచ్చేసరికి సగం గుర్తుపట్టగలం. విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు, పురావస్తు శాఖ అప్పుడప్పుడూ శాసన లిపి మీద వర్క్‌షాపులు పెడతాయి. తెలంగాణలో కొత్త తెలంగాణ చరిత్ర బృందం లాంటి ఔత్సాహికులు ఊరూరా తిరిగి శాసనాలు వెలుగులోకి తెస్తున్నారు. వాళ్లతో ఒక్క ఆదివారం తిరిగితే చాలు. శాసనానికి ప్రతి తీయడం చూడాల్సిన పని. రాతిని నీళ్లతో, కుచ్చు బ్రష్‌తో కడుగుతారు. తడిపిన కాగితాన్ని దాని మీద పరిచి, బ్రష్‌తో తట్టి తట్టి అక్షరాల గుంటల్లోకి దిగేలా చేస్తారు. ఆరీ ఆరకముందే సిరా అద్దిన గుడ్డ ఉండతో పైపైన ఒత్తుతారు. గుంటలకు సిరా అంటదు కాబట్టి నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు లేస్తాయి. ఇది నేర్చినవాళ్లు చేయాల్సిన పని, రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా అసలు తాకకూడదు.

ఇవన్నీ పరిశోధకుల పనులు, బడిపంతుళ్లకెందుకు అనేవాళ్లున్నారు. ఆదిరాజు వీరభద్రరావు గారు హైదరాబాద్ బడుల్లో తెలుగు పండితులుగా పాఠాలు చెబుతూనే తెలంగాణ చరిత్రను తవ్వారు. లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో తెలంగాణ శాసనాలను సంపుటంగా తెచ్చింది. ఏ ఉత్తర్వూ లేకుండా, ఏ టీఏ డీఏ లేకుండా జరిగిన పని. ఆ వరుసలో ఇప్పుడు మనకు మిగిలిన వేదికలు చరిత్ర కాంగ్రెస్‌లు. 1935లో పుణేలో మొదలైన భారత చరిత్ర కాంగ్రెస్ పెద్దది. మనకు ఆంధ్రప్రదేశ్ హిస్టరీ కాంగ్రెస్, తెలంగాణ హిస్టరీ కాంగ్రెస్ ఉన్నాయి. సభ్యత్వ రుసుము కట్టి, మీ ఊరి చెరువు మీదో సంత మీదో ఎనిమిది పేజీల పత్రం రాసి చదవొచ్చు. నేను మొదటిసారి చదివినప్పుడు ఒక ప్రొఫెసర్ లేచి, 'ఈ తేదీ మీకు ఎక్కడిది?' అని అడిగారు. ఊళ్లో పెద్దాయన చెప్పాడన్నాను. హాలంతా నవ్వింది. ఆ ఒక్క ప్రశ్న నాకు నేర్పినంత ఏ ఐదు రోజుల శిక్షణా నేర్పలేదు. నా 50 గంటల లెక్కలోకి మాత్రం ఆ రెండు రోజులు ఎక్కలేదు, సీఎల్ పెట్టి వెళ్లాను.

సెలవుల మాట వచ్చింది కాబట్టి: వేసవి సెలవుల్లో ఉత్తర్వుతో శిక్షణకు పిలిస్తే, ఆ రోజులకు సంపాదిత సెలవు జమ అవుతుందా లేదా అన్నది ఉత్తర్వులోనే చూసుకుని, హాజరు ధ్రువపత్రం తీసుకుని, సర్వీసు రిజిస్టర్‌లో నమోదు చేయించుకోవాలి. బడి నడిచే రోజుల్లో అయితే ఓడీ ఉత్తర్వు, అంటే శిక్షణ రోజులను డ్యూటీగా లెక్కించే ఉత్తర్వు లేకుండా కదలొద్దు.

ఇటీవలైతే ఇవన్నీ వెనక్కి పోయాయి. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) లేకుండానే ఉద్యోగంలో చేరి, రిటైర్మెంటుకు ఐదేళ్లకు మించి సర్వీసు ఉన్న టీచర్లు రెండేళ్లలో అది పాస్ కావాల్సి వచ్చింది. ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నవాళ్లు మళ్లీ బిట్లు బట్టీ పడుతున్నారు. పేపర్–2లో సోషల్‌కు 60 మార్కులు, అందులో 48 కంటెంటుకే. ఒక రకంగా ఇది కూడా సబ్జెక్టు చదువే, కాకపోతే 'మోటుపల్లి శాసనం వేయించినది ఎవరు?' అన్న చోటే ఆగిపోయే చదువు.

మొదట చెప్పిన ఆ ఊరి శాసనం దగ్గరికి చివరికి వెళ్లాను, ఆరేళ్లకు, బదిలీపై అదే బడికి వచ్చాక. ఏడో తరగతి పిల్లలు 22 మంది, నేను. పూజారి గారిని ముందే అడిగి పెట్టుకున్నాం. సుద్దముక్కతో అక్షరాలు దిద్దబోయిన ఇద్దరిని ఆపాను, రాయి పాడవుతుంది. సాయంత్రం నాలుగున్నర, గోడ నీడలో రాయి మసకగా ఉంది. ఒక పిల్లాడితో సెల్‌ఫోన్ టార్చి పక్క నుంచి ఏటవాలుగా వేయించాను. అప్పటిదాకా గరుకు రాయిలా ఉన్నది వరుసలు వరుసలుగా లేచింది. మొదట 'శ్రీ' దొరికింది. తర్వాత ఒకమ్మాయి 'సార్, ఇదేంటి, చుట్టలో చుట్ట' అని వేలు పెట్టింది. ఱ. బండి ర అని చెప్పాను. మిగతా అక్షరాల్లో సగం నాకూ రాలేదు, రాలేదనే చెప్పాను.

బడికి తిరిగొచ్చేసరికి హెచ్ఎం గారు మూవ్‌మెంట్ రిజిస్టర్ ముందు పెట్టుకుని కూర్చున్నారు. 'ఏమని రాయాలి సార్ దీన్ని?' అన్నారు. 'క్షేత్ర పర్యటన, మూడో విద్యాప్రమాణం' అని నేనే రాసి సంతకం పెట్టాను. ఆ అమ్మాయి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. బండి ర ఇప్పుడెందుకు రాయడం లేదట. తెలుగు మేడంను అడగమన్నాను.